మామయ్య కంప్యూటర్‌కి అప్‌డేట్లు ఆగాక ఏం చేయాలి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మరుసటి రోజు పొద్దున మా మామయ్య ఎప్పటిలాగే కంప్యూటర్ ఆన్ చేసి ఈ-పేపర్ చదువుకున్నారు. తెరమీద ఏ తేడా కనిపించలేదు. "బాగానే ఉంది కదమ్మా, ఇంక టెన్షన్ ఎందుకు?" అన్నారు. మా వీధిలో చాలామంది ఇదే అడిగారు. నేను స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్తాను. అందుకని అనంతపురం సాయినగర్‌లో మా చుట్టుపక్కల ఎవరి కంప్యూటర్ మొరాయించినా నా దగ్గరికే వస్తారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్తున్నదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

సపోర్ట్ అయిపోయినా కంప్యూటర్ ఆగిపోదు. విండోస్‌లో బయటపడిన లోపాలకు ప్రతి నెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ సవరణలు విడుదల చేస్తుంది. గడువు తీరిన విండోస్‌కి అవి రావు, అంతే. "రాకపోతే పోనీ, ఇన్నాళ్ళూ ఉన్నట్టే ఉంటుంది కదా" అనుకుంటాం. ఉండదు. విండోస్ 10, విండోస్ 11 లోపల చాలా భాగం ఒకటే. 11లో ఒక లోపం సరిచేశారంటే, ఆ సవరణను విప్పి చూసినవాడికి అదే లోపం 10లో ఎక్కడ ఉండిపోయిందో తెలిసిపోతుంది. అంటే మనం ఏమీ చేయకుండా కూర్చున్నా నెలనెలా ప్రమాదం పెరుగుతూనే ఉంటుంది.

2017 మే నెలలో వచ్చిన వాన్నాక్రై అనే వైరస్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఫైళ్ళన్నీ తాళం పడిపోయి, డబ్బు కడితే తీస్తామని ఎర్ర తెర వచ్చేది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ సవరణ ఇచ్చింది అదే ఏడాది మార్చిలో. పెట్టుకోనివాళ్ళే దెబ్బతిన్నారు. ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు, ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే చాలు, ఒకదాన్నుంచి ఇంకోదానికి అదే పాకింది. "నేను అడ్డమైన సైట్లకు పోను మేడమ్" అనేవాళ్ళకు నేను ముందు చెప్పేది ఇదే.

మరి కంప్యూటర్ పారేయాలా? అక్కర్లేదు. మామయ్యది 2014లో అసెంబుల్ చేయించింది. నాలుగో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలయ్యే ప్రాసెసర్లు కావాలి, రహస్య తాళాలను భద్రంగా దాచే టీపీఎం 2.0 చిప్ కావాలి, కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు నకిలీ ప్రోగ్రాములను అడ్డుకునే సెక్యూర్ బూట్ కావాలి. ఇది ఆ పరీక్షలో నెగ్గదు. కానీ పేపర్ చదవడానికి, పొలం లెక్కలు రాసుకోవడానికి, అమెరికాలో ఉన్న మా ఆడబిడ్డతో వీడియోలో మాట్లాడడానికి ఇంకా చక్కగా పనిచేస్తుంది. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ వేయాలన్నది తర్వాతి మాట. ముందు తేల్చుకోవాల్సింది ఈ కంప్యూటర్ మీద ఏ పని చేయాలి, ఏ పని చేయకూడదు అన్నది. ఒక కాగితం తీసుకుని, ఆ కంప్యూటర్ మీద ఇంట్లో ఎవరు ఏమేం చేస్తారో రాయండి. అందులో డబ్బుతో ముడిపడ్డవాటికి గీత పెట్టండి. నెట్ బ్యాంకింగ్, ఇన్‌కమ్ ట్యాక్స్, కార్డు పెట్టి కొనడం. బ్యాంకుకు కట్టిన ఈమెయిల్ కూడా అందులోకే వస్తుంది. చాలామంది దాన్ని మర్చిపోతారు. ఆ ఈమెయిల్ చేతికి చిక్కినవాడు పాస్‌వర్డ్‌లన్నీ మార్చేసుకోగలడు. గీత పెట్టిన పనులు సవరణలు అందని కంప్యూటర్ మీద చేయకూడదు.

అవన్నీ ఫోన్‌లోకి మారుస్తామంటారు. మంచిదే, అయితే ఫోన్‌కి కూడా గడువుంటుంది. సెట్టింగ్స్‌లో ఆండ్రాయిడ్ వెర్షన్ చూపించే చోటే సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఉంటుంది. అది రెండేళ్ళ కిందటి తేదీ అయితే డబ్బు పనికి ఆ ఫోనూ ఈ కంప్యూటరూ రెండూ ఒకటే. మామయ్య ఫోన్‌లో తేదీ తాజాగానే ఉంది కాబట్టి బ్యాంకు పని అందులోకి మార్చాం. పెన్షన్‌కి ఇచ్చే జీవన్ ప్రమాణ్ కూడా ఇప్పుడు ఫోన్ కెమెరాతో ముఖం చూపించి ఇవ్వొచ్చు, వేలిముద్ర మిషన్ తగిలించే పని తప్పింది. తర్వాత కంప్యూటర్‌లోని బ్రౌజర్ తెరిచి, దాచిపెట్టిన పాస్‌వర్డ్‌లు, కార్డు నంబర్లు తీసేశాను. చాలామంది పని మార్చుకుంటారు గానీ ఈ తీసేయడం దగ్గర ఆగిపోతారు. బ్యాంకు పాస్‌వర్డ్ కూడా ఫోన్ నుంచి ఒకసారి మార్చండి. పాతది ఎప్పుడో ఎవరికో అందిపోయి ఉంటే అది చెల్లకుండా పోతుంది.

ఏ మార్పు మొదలుపెట్టాలన్నా ముందు బ్యాకప్. ఫొటోలు, స్కాన్ చేసిన పట్టాదారు పాస్‌పుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. కాపీ అయ్యాక నాలుగైదు ఫైళ్ళు తెరిచి చూడండి, తెరుచుకుంటేనే అది బ్యాకప్. ఆ తర్వాత డిస్క్ ఊడదీసి బీరువాలో పెట్టండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే, వాన్నాక్రై లాంటిది వచ్చినరోజు కంప్యూటర్‌తో పాటు దానికీ తాళం పడుతుంది. ముఖ్యమైనవి ఇంకో చోట కూడా ఉండాలి, పక్క ఊరిలో ఉన్న చెల్లెలి ఇంట్లోనైనా సరే.

ఇప్పుడు అసలు పని. విండోస్ కీ పట్టుకుని ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో విన్‌వర్ (winver) అని ఇంగ్లిషులో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఏ విండోస్, ఏ వెర్షన్ అన్నది కనిపిస్తుంది. విండోస్ 10లో చివరి వెర్షన్ 22హెచ్2. అంతకన్నా పాతది ఉంటే ముందు దానికి తెచ్చుకోవాలి. ఒకమాట, మన దగ్గర ఎండాకాలం కరెంటు సంగతి తెలిసిందే. ఈ పెద్ద అప్‌డేట్లు యూపీఎస్ లేకుండా మధ్యాహ్నం పూట మొదలుపెట్టకండి. సగంలో కరెంటు పోతే విండోస్ లేవకుండా పోయే ప్రమాదం ఉంది.

22హెచ్2 ఉన్నవాళ్ళకు ఒక వెసులుబాటు ఉంది. ఇళ్ళల్లోని విండోస్ 10 కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ సవరణలు ఇచ్చే పథకం మైక్రోసాఫ్ట్ పెట్టింది. దాని పేరు ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్, పొట్టిగా ఈఎస్‌యూ. సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, విండోస్ అప్‌డేట్ వరుసగా తెరిస్తే అక్కడ ఎన్‌రోల్ నౌ అని కనిపిస్తుంది. కనిపించకపోతే పెండింగ్ అప్‌డేట్లన్నీ పూర్తిచేసి, రీస్టార్ట్ చేసి మళ్ళీ చూడండి. చేరడానికి మూడు దారులున్నాయి. కంప్యూటర్ సెట్టింగ్స్‌ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి బ్యాకప్ చేయడానికి ఒప్పుకుంటే ఉచితం. మైక్రోసాఫ్ట్ సేవలు వాడినందుకు ఇచ్చే రివార్డ్స్ పాయింట్లు 1000 ఉంటే వాటితో చేరొచ్చు. లేదంటే 30 డాలర్లకు సమానమైన ధర కట్టాలి. ఒక్క లైసెన్స్ పది కంప్యూటర్ల దాకా పనికొస్తుంది. నేను మామయ్యకి మొదటి దారే ఎంచుకున్నాను. అడ్మిన్ అధికారం, అంటే ప్రోగ్రాములు ఎక్కించి సెట్టింగ్స్ మార్చే అధికారం ఉన్న మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి చేయాలి. ఆ అకౌంట్ తర్వాత తీసేయకండి, అప్పుడప్పుడూ అందులోకి వెళ్ళి వస్తుండండి. ఆ బ్యాకప్ చేరేది వన్‌డ్రైవ్ అనే మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వలోకి, అందులో ఉచితంగా వచ్చేది 5 జీబీయే కాబట్టి ఫొటోల ఫోల్డర్లు అందులోకి పోకుండా ఆపేసి, సెట్టింగ్స్ ఒక్కటే పోనిచ్చాను.

ఈ గడువు పెంపు శాశ్వతం కాదు. ఈలోగా తీరిగ్గా మారడానికి దొరికిన సమయం మాత్రమే. దీన్ని వాడుకోకుండా వదిలేస్తున్న ఇళ్ళు చూస్తుంటే నాకు బాధేస్తుంది. ఉచితంగా దొరికే రక్షణ అది.

అసెంబుల్ చేయించిన కంప్యూటర్లలో ఇంకో సమస్య ఉంది, దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. లైసెన్స్ కొనకుండా, యాక్టివేటర్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో విండోస్‌ని నమ్మించి వేసిన మిషన్లు మన ఊళ్ళల్లో కొల్లలు. యజమానికి ఆ సంగతే తెలియదు, షాపువాళ్ళు వేసిచ్చారు, పనిచేస్తోంది. ఆ ప్రోగ్రామ్ వేసేటప్పుడు చాలాసార్లు యాంటీవైరస్ ఆపుతారు. కొన్ని మళ్ళీ పట్టుబడకుండా తమ ఫోల్డర్‌ని "ఇక్కడ వెతకొద్దు" అనే జాబితాలో చేర్చుకుంటాయి. ఆ ఫోల్డర్‌లోకి తర్వాత ఏం వచ్చి చేరినా, విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ అటు తిరిగి చూడదు. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ త్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, అడుగున ఎక్స్‌క్లూజన్స్ చూడండి. మీరు పెట్టని ఫోల్డర్ అక్కడ కనిపిస్తే దాన్ని ఆ జాబితాలోంచి తీసేసి, ఫుల్ స్కాన్ పెట్టండి. అసలు నా సలహా అడిగితే, అలాంటి కంప్యూటర్‌ని శుభ్రం చేస్తూ కూర్చోవడం కంటే బ్యాకప్ తీసుకుని, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేయడం మేలు. దాని గురించి కింద రాస్తాను.

స్టార్ట్ మెనూలో ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి ఉన్నాయేమో కూడా చూడండి. దూరం నుంచి రిపేరు చేయడానికి ఎవరో ఒకసారి వేస్తారు, పని అయ్యాక అలాగే వదిలేస్తారు. అవి మంచి ప్రోగ్రాములే, కానీ రిపేరు మనిషి వెళ్ళాక వీధి తలుపు తీసే ఉంచినట్టు. అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఫ్లాష్ ప్లేయర్ ఉంటే అది కూడా తీసేయండి, దానికి 2020 డిసెంబర్ 31తోనే కాలం తీరింది. ఎంఎస్ ఆఫీస్ 2010 మీద ఇంకా ఉన్నవాళ్ళు లిబ్రే ఆఫీస్‌కి మారండి. ఆఫీస్ 2016, 2019లకు కూడా విండోస్ 10తో పాటు అదే రోజు సపోర్ట్ ముగిసింది. లిబ్రే ఆఫీస్ ఉచితం, తెలుగు యూనికోడ్ చక్కగా చూపిస్తుంది.

రోజూ వాడే అకౌంట్‌కి అడ్మిన్ అధికారం ఉండకూడదు. విడిగా ఒక అడ్మిన్ అకౌంట్ ఉంచి, మామయ్య వాడేదాన్ని స్టాండర్డ్ యూజర్‌గా మార్చాను. ఇప్పుడు ఏదైనా ప్రోగ్రామ్ కొత్తగా ఎక్కాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది, ఆయన నన్ను పిలుస్తారు. మొదట్లో విసుక్కున్నారు. వాన ఎప్పుడో చూపిస్తానంటూ ఒక ప్రోగ్రామ్ తనంతట తాను ఎక్కబోయి ఈ పెట్టె దగ్గర ఆగిపోయాక, "ఇది ఉండనీ" అన్నారు.

బ్రౌజర్ ముఖ్యం. విండోస్ 10 మీద క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ వస్తున్నాయి, వాటిని ఎప్పటికప్పుడు అప్‌డేట్ కానివ్వండి. నేను ఫైర్‌ఫాక్స్ వేసి, యూబ్లాక్ ఆరిజిన్ అనే ప్రకటనలు ఆపే యాడ్-ఆన్ పెడతాను. పెద్దవాళ్ళను బుట్టలో వేసేవి ఎక్కువగా ప్రకటనల రూపంలోనే వస్తాయి. విండోస్ గడువు ముగిసిందన్న వార్తను మోసగాళ్ళు బాగా వాడుకోగలరు. తెరంతా నిండిపోయి, "మీ విండోస్ ఎక్స్‌పైర్ అయింది, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అని సైరన్ మోగుతుంది. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండదు. మౌస్ పనిచేయకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని మూసేయండి. ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకుంటే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెప్తే డబ్బు ఆపగలిగే వీలు అంత ఎక్కువ. ఈ నంబర్ మా ఇంట్లో మానిటర్ అంచుకి అంటించి ఉంది.

యాంటీవైరస్ వేరుగా కొనాలా అని అందరూ అడుగుతారు. అక్కర్లేదు, విండోస్ 10లోని డిఫెండర్‌కి వైరస్‌ల సమాచారం 2028 అక్టోబర్ వరకు వస్తూనే ఉంటుంది. అయితే అది వచ్చిన దొంగను గుర్తుపట్టడానికే, విండోస్‌లో పడిన కన్నం పూడ్చదు. డిఫెండర్ అప్‌డేట్ అవుతోంది కదా అని ఈఎస్‌యూ మానేయకండి.

పెన్‌డ్రైవ్ గురించి గట్టిగా చెప్తాను. మన ఊళ్ళో వైరస్ ఇంటికి రావడానికి మంచి దారి ఏదంటే, పెన్‌డ్రైవ్‌లో ఫైలు వేసుకుని ప్రింట్ కోసం జిరాక్స్ షాపుకి వెళ్ళి రావడమే. పొద్దున్నుంచి రాత్రి దాకా ఎందరివో పెన్‌డ్రైవ్‌లు ఎక్కే కంప్యూటర్ అది. ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి ఉంటాయి, అది నొక్కగానే వైరస్ లోపలికి దిగుతుంది. ఫైళ్ళు ఎక్కడికీ పోవు, దాక్కుని ఉంటాయి. అలా కనిపిస్తే ఏదీ నొక్కకుండా ముందు డిఫెండర్‌తో ఆ డ్రైవ్‌ని స్కాన్ చేయించండి. తర్వాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైన వ్యూ ట్యాబ్‌లో హిడెన్ ఐటమ్స్‌కి టిక్ పెడితే అసలు ఫోల్డర్లు కనబడవచ్చు. పక్కనే ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌కి కూడా టిక్ పెట్టేయండి. పీడీఎఫ్ అని మురిపించే ఫైలు చివర ఈఎక్స్‌ఈ అని ఉంటే, అది నిజానికి ఒక ప్రోగ్రామ్ అని అప్పుడు తెలుస్తుంది. ప్రింట్ కావాలంటే పీడీఎఫ్‌ని ఫోన్ నుంచి షాపువాళ్ళకు పంపండి. ఆధార్ లాంటివైతే ప్రింట్ అయ్యాక వాళ్ళ కంప్యూటర్‌లోంచి మీ ఎదురుగానే తీసేయించండి. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతట అదే తెరిచే ఆటోప్లేని సెట్టింగ్స్‌లో ఆఫ్ చేయడం అర నిమిషం పని.

రౌటర్‌ని కూడా వదలకండి. బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న అంకెలు కొడితే దాని పేజీ వస్తుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా స్టిక్కర్ మీదదే అయితే మార్చండి. గెస్ట్ వైఫై సౌకర్యం ఉంటే పాత కంప్యూటర్‌ని అందులో పెట్టండి, మిగతా ఫోన్లకూ దానికీ మధ్య గోడ ఉంటుంది.

ఇక ఈఎస్‌యూ గడువు కూడా తీరాక ఏం చేయాలి? విండోస్ 11ని అడ్డదారిలో ఎక్కించే చిట్కాలు వీడియోల్లో చూపిస్తారు. ఎక్కుతుంది, కానీ అర్హత లేని మిషన్లకు అప్‌డేట్లు ఇస్తామన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్తోంది. ఏ అప్‌డేట్ల కోసం ఇంత తాపత్రయపడుతున్నామో వాటికే హామీ లేనప్పుడు ఆ కష్టం దేనికి? నేను లైనక్స్ మింట్ వేస్తాను, అందులో తేలికగా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. 4 జీబీ ర్యామ్‌తో హాయిగా నడుస్తుంది. మింట్ 22 వరుసకి 2029 వరకు సవరణలు వస్తాయి. పాత హార్డ్ డిస్క్ తీసి దానికన్నా వేగంగా పనిచేసే 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయిస్తే ఇది ఆ కంప్యూటరేనా అనిపిస్తుంది.

వేయడానికి ముందు రుచి చూడొచ్చు. మింట్ మొత్తం ఒకే ఫైలుగా ఉండే ఐఎస్‌ఓని మింట్ సొంత సైట్ నుంచే దించుకుని, రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించండి. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, చూసుకోండి. కంప్యూటర్ ఆన్ చేస్తూ, దేన్నుంచి మొదలవ్వాలో అడిగే బూట్ మెనూ కీ నొక్కి పెన్‌డ్రైవ్‌ని ఎంచుకోవాలి. కొన్నిట్లో ఎఫ్12, కొన్నిట్లో ఎస్కేప్, మరికొన్నిట్లో వేరే. మింట్ తెర వస్తుంది. ఇప్పటికి మీ విండోస్‌కి ఏమీ కాలేదు. అక్కడే వైఫై కలుస్తుందా, స్పీకర్ మోగుతుందా, వీడియోకాల్‌కి కెమెరా వస్తుందా, కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు కలిపితే టైపింగ్ వస్తుందా అన్నీ చూడండి. ఇంట్లో దాన్ని వాడే మనిషిని కూర్చోబెట్టి, రోజూ చేసే పనులు ఆయన చేతే చేయించండి. మామయ్యకి ఫైర్‌ఫాక్స్ గుర్తు డెస్క్‌టాప్ మీద పాత చోటే పెట్టగానే సగం బెరుకు పోయింది.

ప్రింటర్‌ని తప్పకుండా పరీక్షించండి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటివి హెచ్‌పీలిప్ అనే ప్రింటర్ డ్రైవర్‌తో పాటు దాని ప్లగిన్ కూడా దించుకుంటే పనిచేస్తాయి. మన దగ్గర చాలాచోట్ల కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900కి మాత్రం లైనక్స్‌లో డ్రైవర్ కుదర్చడం శ్రమ. కొత్తగా నేర్చుకునేవాళ్ళు దాంతో మొదలుపెట్టొద్దు.

కొందరికి లైనక్స్ కుదరదు. మా ఎదురింటి అన్న ఇంట్లోనే డీటీపీ చేస్తారు. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు అన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్స్‌తోనే. ఏళ్ళనాటి ఫైళ్ళున్నాయి, విండోస్ లేకపోతే ఆయన పని ఆగిపోతుంది. ఆయనకి నేను చెప్పింది, ఆ కంప్యూటర్‌ని నెట్ నుంచి పూర్తిగా విడదీయమని. నెట్ కేబుల్ ఊడదీశాం, డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ డిసేబుల్ చేశాం. కస్టమర్లు పంపే ఫొటోలు ముందు ఫోన్‌లోనో కొత్త ల్యాప్‌టాప్‌లోనో చూసి, దానికోసమే ఉంచిన ఒక పెన్‌డ్రైవ్‌తో మాత్రమే ఆ కంప్యూటర్‌లోకి వేస్తారు. కస్టమర్ పెన్‌డ్రైవ్ దానికి తగిలించరు. విండోస్ 7 ఇంకా వాడుతున్నవాళ్ళకీ ఇదే దారి. దానికి సవరణలు 2020 జనవరి 14తో ఆగాయి, క్రోమ్ కూడా 109 వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. అలాంటి కంప్యూటర్ నెట్‌లో ఒక్కరోజు కూడా ఉండకూడదు.

చివరికి ఎప్పుడో దాన్ని ఎవరికైనా ఇచ్చేయాలన్నా, పాత సామాను కొట్టుకి వేయాలన్నా, ఫైళ్ళు డిలీట్ చేసి ఊరుకోకండి. డిలీట్ చేసినవి తిరిగి బయటికి తీయొచ్చు. విండోస్‌లో రీసెట్ దిస్ పీసీ ఎంచుకుని, రిమూవ్ ఎవ్రీథింగ్ దగ్గర చేంజ్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, డ్రైవ్‌ని పూర్తిగా శుభ్రం చేసే క్లీన్ డేటా ఆన్ చేయండి. గంటలు పడుతుంది, రాత్రి పెట్టి వదిలేయొచ్చు. కంప్యూటర్ అసలు ఆన్ కాకపోతే పక్క మూత విప్పి హార్డ్ డిస్క్ తీసి మీ దగ్గరే ఉంచుకుని, మిగతా డబ్బా ఇచ్చేయండి.